క్లినిక్ గడప దాటాక: ఇంట్లో, బడిలో పిల్లల ఆక్యుపేషనల్ థెరపీ చేసే పద్ధతి

ఏడేళ్ల పిల్లాడు. క్లినిక్‌లో బల్ల మీద గుండీల బోర్డు పెడితే అయిదు గుండీలూ చకచకా పెట్టేసేవాడు. "గుండీలు వచ్చాయి" అని నోట్స్‌లో రాసుకున్నాను కూడా. నెల తర్వాత వాళ్ళమ్మ "ఇంట్లో రోజూ నేనే పెడుతున్నానండీ" అన్నప్పుడు నమ్మబుద్ధి కాలేదు. ఒక పొద్దున్నే వాళ్ళింటికి వెళ్లి కూర్చుంటే సంగతి బోధపడింది. బోర్డు మీది గుండీ కళ్లెదుట ఉంటుంది, చొక్కా గుండీ గడ్డం కింద ఉంటుంది. బోర్డుకు బిగించిన గుడ్డ మందంగా, బిర్రుగా ఉంటుంది. చొక్కా గుడ్డ పట్టుకుంటే జారిపోతుంది. క్లినిక్‌లో కుర్చీలో కుదురుగా కూర్చునేవాడు. ఇంట్లో మంచం అంచున, కాళ్లు గాల్లో వేలాడుతూ, పక్కన అమ్మ "బస్సొచ్చే టైమైంది" అని తొందరపెడుతూ ఉంది.

క్లినిక్ వదిలి ఇళ్లకు, బళ్లకు వెళ్లి పని చేయాలనుకునే ఓటీలకు, అంటే రోజువారీ పనులు చేసుకోవడం నేర్పే ఆక్యుపేషనల్ థెరపిస్టులకు, నేను చెప్పదలచుకున్నదంతా ఆ పొద్దుటి పూటలోనే ఉంది. పని ఎక్కడ ఆగిపోతోందో అక్కడికే, అది ఆగే వేళకే వెళ్లి చూడాలి. చూశాక ఆ చోటులోనే మార్పు చేయాలి. మిగతావన్నీ దీని చుట్టూ అల్లుకున్నవే. కింద వరుస క్రమంలో రాస్తున్నాను. కొన్ని మెట్ల దగ్గర ఎక్కువసేపు ఆగుతాను, కొన్నింటిని ఊరికే దాటేస్తాను.

1. రిఫరల్ కాగితాన్ని చదవడం

పిల్లను మన దగ్గరకు పంపుతూ రాసిచ్చే కాగితంలో సాధారణంగా రెండు ముక్కలే ఉంటాయి: "దస్తూరి బాగోలేదు", "కుదురుగా కూర్చోడు", "చేతులు సరిగా వాడదు". ఇవి ఫిర్యాదులు మాత్రమే. వాటి వెనక ఏముందో ఇంకా తెలియదు. వెళ్లేముందు ఫోన్‌లో మూడు విషయాలు అడగండి. ఈ ఇబ్బంది ఎవరిని ఎక్కువ కలవరపెడుతోంది? రోజులో ఏ వేళ ఎక్కువగా కనపడుతోంది? ఇప్పటిదాకా ఏమేం చేసి చూశారు? మూడో ప్రశ్నను చాలామంది అడగరు. అమ్మానాన్నలు అప్పటికే పది ఉపాయాలు ప్రయత్నించి ఉంటారు. వాటిలో పనిచేయనిదాన్నే మనం మళ్లీ సలహాగా ఇస్తే మొదటి రోజే నమ్మకం పోతుంది.

సమయం కూడా ఫోన్‌లోనే తేల్చుకోండి. స్నానం దగ్గర ఇబ్బంది అయితే స్నానం వేళకు, భోజనం దగ్గర అయితే భోజనం వేళకు వెళ్లాలి. మధ్యాహ్నం మూడింటికి వెళ్లి "పొద్దున బట్టలు ఎలా వేసుకుంటుంది?" అని అడిగితే దొరికేది కథ మాత్రమే. ఇంటికి వచ్చి చూడటానికి ఒప్పుకుంటున్నారో లేదో స్పష్టంగా అడగండి, మాట వరసకు తలూపించుకోకండి. మీ భద్రత కోసం ఎక్కడికి వెళ్తున్నారో, ఎప్పుడు తిరిగొస్తారో ఒక సహోద్యోగికి చెప్పి బయల్దేరండి.

2. మొదటి గంట

సంచి విప్పకండి. ఈ ఒక్క మాట పట్టించుకుంటే చాలు, మొదటి గంట సగం గెలిచినట్టే. సంచి నిండా బొమ్మలు, పరీక్ష కిట్లు తీసుకెళ్తాం. అవి బయటికి రాగానే ఆ ఇల్లు క్లినిక్ అయిపోతుంది, ఆ తల్లి ప్రేక్షకురాలైపోతుంది. కింద కూర్చోండి. పిల్లతో ముందు మాట్లాడండి, పెద్దవాళ్లతో తర్వాత. పిల్ల మాట్లాడకపోతే పక్కన కూర్చుని ఆమె ఆడుతున్నదేదో మీరూ ఆడండి.

ఆ తర్వాత పెద్దవాళ్లను అడగాల్సింది ఒక్కటే: "నిన్న పొద్దున లేచిన దగ్గర్నుంచి పడుకునేదాకా ఏమేం జరిగిందో చెప్పండి." మామూలుగా ఎలా ఉంటుందని అడిగితే అందరూ సర్ది చెబుతారు. నిన్నటి రోజు గురించి అడిగితే నిజం దొర్లుతుంది: ఎక్కడ అరుపులు వచ్చాయి, ఎక్కడ ఏడ్చారు, ఎక్కడ అమ్మమ్మ వచ్చి పని చేసేసింది, అన్నీ అందులోనే ఉంటాయి.

ఇక్కడ నాకు బాగా అక్కరకొచ్చే సాధనం సీఓపీఎం (కెనడియన్ ఆక్యుపేషనల్ పెర్ఫార్మెన్స్ మెజర్). కెనడాలో కొందరు ఆక్యుపేషనల్ థెరపిస్టులు కలిసి తయారుచేసి 1991లో మొదటిసారి ప్రచురించారు. కుటుంబం తమకు ముఖ్యమనిపించిన పనులను తామే ఎంచుకుంటుంది. ఒక్కో పని ఇప్పుడు ఎంత బాగా జరుగుతోందో, దానితో తమకు ఎంత తృప్తిగా ఉందో 1 నుంచి 10 లోపు అంకె వేస్తుంది. కొన్ని నెలల తర్వాత మళ్లీ అడుగుతాం. 2 పాయింట్లు, అంతకు మించి మారితే అది లెక్కలోకి తీసుకోదగిన మార్పు అని వాడుక. అంకెల కంటే నాకు దీనిలో నచ్చేది వేరే ఉంది. "మీకు ఏది ముఖ్యం?" అని అడిగినప్పుడు మనం ఊహించని జవాబు వస్తుంది. చేతి బిగువు తగ్గాలని డాక్టరు రాసిన పాప విషయంలో వాళ్ళ నాన్న కోరింది ఒక్కటే, కుటుంబమంతా కూర్చుని తినేటప్పుడు పాప కూడా అదే వరసలో కూర్చోవాలి.

అయిదారేళ్లు దాటిన పిల్లల్ని వాళ్ల కోరిక ఏంటో విడిగా అడగండి. బొమ్మల కార్డులు పరిచి "వీటిలో నీకు ఏది బాగా రావాలని ఉంది?" అంటే చాలు. పెద్దవాళ్లు దస్తూరి అంటారు, పిల్లాడు సైకిల్ కార్డు తీసి చేతికిస్తాడు. రెండూ రాసుకోండి. ఆట చిన్న విషయం కాదు. 1989 నాటి ఐక్యరాజ్య సమితి బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆడుకోవడాన్ని పిల్లల హక్కుగా గుర్తించింది.

3. చూడటం

మన వృత్తి నైపుణ్యమంతా ఇక్కడే ఉంది. మిగతావి పుస్తకం చూసైనా చేయొచ్చు.

పని మొదలు కాగానే సాయం చేయకండి, సలహా ఇవ్వకండి. ఏ సెకనులో ఆగిందో పట్టుకోవడమే పని. ఆ పిల్లాడి చొక్కానే మళ్లీ తీసుకుందాం. గుండీ పెట్టడం అంటే ఒక్క పని కాదు. ఎడమచేత్తో కాజా ఉన్న అంచును పట్టుకోవాలి. కుడిచేతి బొటనవేలు, చూపుడువేళ్ల మధ్య గుండీని అంచు మీద నిలబెట్టాలి. దాన్ని కాజాలోకి సగం తోయాలి. ఆ క్షణంలో రెండు చేతులూ పని మార్చుకోవాలి: తోస్తున్న చెయ్యి వదలాలి, గుడ్డ పట్టుకున్న చెయ్యి అవతలివైపు నుంచి గుండీని అందుకుని లాగాలి. మా పిల్లాడు సగం తోయడం దాకా వచ్చేవాడు. చేతులు మార్చుకునే చోట గుండీ వెనక్కి జారిపోయేది. ఎందుకంటే కాళ్లకు ఆనిక లేక, మంచం అంచున జారకుండా ఉండేందుకు మోచేతులను పక్కటెముకలకు గట్టిగా అదిమి పెట్టుకుంటున్నాడు. మోచేతులు కదలకపోతే మణికట్లు తిరగవు. మణికట్లు తిరగకపోతే అవతలి చెయ్యి గుండీని అందుకోలేదు.

మంచం పక్కన నేల మీద, గోడకు వీపు ఆనించి కూర్చోబెట్టాం. పై నుంచి మొదలుపెట్టకుండా, కళ్లకు కనపడే కింది గుండీ నుంచి మొదలుపెట్టించాం. ఆ రోజు మూడు గుండీలు పెట్టుకున్నాడు. వాడి వేళ్ల బలం రాత్రికి రాత్రి పెరగలేదు కదా.

చూసేటప్పుడు మూడింటినీ కలిపి చూడాలి: పిల్ల, పని, చోటు. పిల్లను మార్చడానికి నెలలు పడుతుంది. పనిని, చోటును అప్పటికప్పుడు మార్చవచ్చు. 2011లో కెనడా పరిశోధకులు సెరిబ్రల్ పాల్సీ (ఎదిగే మెదడు దెబ్బతిని కదలికలు కష్టమయ్యే స్థితి) ఉన్న 128 మంది చిన్నపిల్లల మీద చేసిన అధ్యయనాన్ని నేను కొత్తవాళ్లందరికీ చెబుతాను. ఒక గుంపుకు పిల్లల సామర్థ్యాలను మెరుగుపరిచే థెరపీ ఇచ్చారు. ఇంకో గుంపుకు పిల్లల శరీరం జోలికి పోకుండా పనిలో, పరిసరాల్లో మాత్రమే మార్పులు చేశారు. 6 నెలల తర్వాత రెండు గుంపులూ సమానంగా మెరుగుపడ్డాయి. అలాంటప్పుడు తేలికైన దారిని ముందు ఎందుకు పట్టకూడదు?

కూర్చునే తీరును ఎప్పుడూ కింద నుంచి పైకి చూడండి. పాదాలు దేనికైనా ఆనుతున్నాయా? తుంటి వెనక్కి, సమంగా ఉందా? బల్ల ఎత్తు మోచేతుల మట్టానికి దగ్గరగా ఉందా? ఈ మూడూ సరిచేశాకే చేతి గురించి ఆలోచించండి. తుంటి ముందుకు జారిపోయిన పిల్ల చేతిలో ఎంత మంచి చెంచా పెట్టినా లాభం లేదు.

4. ఆగి, డాక్టరు దగ్గరకు పంపాల్సిన సందర్భాలు

ఇంటికి వెళ్లే మనిషికి కనపడేవి ఆసుపత్రిలో పది నిమిషాలు చూసే మనిషికి కనపడవు. అందుకే ఈ జాబితాను బట్టీ పట్టండి.

- ఏడాది నిండకముందే పాప ఒక్క చేతినే వాడుతూ, రెండో చేతిని పట్టించుకోకపోవడం. దీన్ని "కుడిచేతివాటం" అని మురిసిపోతారు. ఆ వయసుకు చేతివాటం ఏర్పడదు; మెదడులో ఒక పక్క దెబ్బతిన్న సూచన కావచ్చు.
- వచ్చిన మాట, వచ్చిన నడక, వచ్చిన చేతిపని పోవడం. ఏ వయసులోనైనా ఇది వెంటనే చూపించాల్సిన విషయం.
- నేల మీంచి లేచేటప్పుడు చేతులతో తొడలను పట్టుకుని ఎగబాకినట్టు లేవడం, ముఖ్యంగా మగపిల్లల్లో. ఇది కండరాల జబ్బు సూచన కావచ్చు.
- తాగేటప్పుడు, తినేటప్పుడు పదేపదే దగ్గు, గొంతు తడిగా గరగరలాడటం, మాటిమాటికీ ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్. తినిపించే తీరు మీద మీరు పని మొదలుపెట్టకముందే మింగడాన్ని పరీక్షించే నిపుణులు చూడాలి.
- సెరిబ్రల్ పాల్సీ ఉన్న పిల్ల డైపర్ మార్చేటప్పుడు, కాళ్లు విడదీసేటప్పుడు ఏడవడం. "మొండితనం" అనుకుంటారు. తుంటి కీలు జరుగుతూ ఉండొచ్చు.

పిల్ల మీద హింస, నిర్లక్ష్యం జరుగుతున్నట్టు అనుమానం వస్తే, మీరు పనిచేసే చోట అమల్లో ఉన్న బాలల రక్షణ పద్ధతి ప్రకారం అదే రోజు తెలియజేయాలి. మీరే విచారణ చేయకండి. పిల్ల చెప్పిన మాటను చెప్పినట్టే రాసుకోండి.

5. లక్ష్యం రాయడం

"సూక్ష్మ చలన నైపుణ్యాలు మెరుగుపరచడం" అనే లక్ష్యాన్ని నేనూ ఏళ్ల తరబడి రాశాను. అది ఎప్పటికీ నెరవేరదు, ఎందుకంటే ఎప్పుడు నెరవేరిందో ఎవరూ చెప్పలేరు. లక్ష్యంలో ఎవరు, ఏం పని, ఎక్కడ, ఎంత సాయంతో, ఎప్పటికల్లా అనేవి ఉండాలి. "బడికి వెళ్లే రోజుల్లో పొద్దున, గోడకు ఆనుకుని కూర్చుని, పై గుండీ తప్ప మిగతావన్నీ 8 వారాల్లోగా తనే పెట్టుకుంటాడు." ఇది చదివితే వాళ్ళ నాయనమ్మకు కూడా అర్థమవుతుంది. అర్థం కావాల్సింది ఆవిడకే.

మార్పును కొలవడానికి గోల్ అటెయిన్‌మెంట్ స్కేలింగ్ బాగుంటుంది. కిరెసుక్, షెర్మన్ అనే ఇద్దరు 1968లో మానసిక ఆరోగ్య సేవల కోసం ప్రతిపాదించారు, తర్వాత పునరావాస రంగానికీ వచ్చింది. -2 నుంచి +2 వరకు అయిదు మెట్లు. ఆశించిన ఫలితం 0. దానికంటే కొంచెం తక్కువైతే -1, కొంచెం ఎక్కువైతే +1. గుండీల ఉదాహరణలో -2 అంటే ఒక్కటీ పెట్టలేకపోవడం, 0 అంటే పైది తప్ప అన్నీ, +2 అంటే బస్సు తొందరలో కూడా అన్నీ. అయిదు మెట్లనూ పని మొదలుపెట్టకముందే రాసేయాలి. తర్వాత రాస్తే మనకు తెలియకుండానే మనం సాధించినదాన్నే లక్ష్యంగా రాసేస్తాం.

ఒకేసారి మూడు లక్ష్యాలు మించకండి. నా మట్టుకు రెండే బాగుంటాయి.

6. ఏ పద్ధతి ఎంచుకోవాలి

ఒక పని రావాలంటే ఆ పనినే చేయించాలి. ఇంత మామూలు మాటను ఒప్పుకోవడానికి మన వృత్తికి దశాబ్దాలు పట్టింది. బంతి నొక్కితే పెన్సిల్ పట్టుకోవడం రాదు. పెన్సిల్ పట్టుకుని రాస్తేనే వస్తుంది. సెరిబ్రల్ పాల్సీ థెరపీల మీద వచ్చిన ఆధారాలను పరిశోధకురాలు ఇయోనా నోవాక్ బృందం 2013లోనూ, మళ్లీ 2020లోనూ ట్రాఫిక్ లైట్ల రంగులతో విడదీసి చూపించింది. పచ్చ రంగు వచ్చినవాటిలో లక్ష్యం పెట్టుకుని చేసే సాధన, రెండు చేతుల సాధన, బాగున్న చేతిని కొంతసేపు కట్టడి చేసి బలహీనమైన చేతితో పని చేయించే పద్ధతి, ఇంటి కార్యక్రమాలు ఉన్నాయి. థెరపిస్టు చేతులతో పిల్లను కదిలించే పాత పద్ధతులకు ఆ రంగు రాలేదు. ఏళ్ల తరబడి నేర్చుకున్నదాన్ని వదులుకోవడం కష్టమే. అయినా పిల్లల సమయం మన మమకారం కంటే విలువైనది.

చిన్నపిల్లలకు, మాట తక్కువగా అర్థమయ్యేవారికి వెనకనుంచి, అంటే పనిలో చివరి మెట్టుతో మొదలుపెట్టి, నేర్పడం మంచి ఉపాయం. సాక్సు తొడగడంలో వేళ్లు, పాదం, మడమ దాటించి చివర పైకి లాగే పని మాత్రం పిల్లకు వదిలేయండి. అది వచ్చాక మడమ దగ్గర నుంచి, అదీ వచ్చాక పాదం మధ్య నుంచి. ప్రతిసారీ పనిని ముగించేది పిల్లే అవుతుంది. ముగించిన సంతోషం మనం చెప్పే "శభాష్" కంటే బలమైనది.

కాస్త పెద్దపిల్లలకు, ముఖ్యంగా డెవలప్‌మెంటల్ కోఆర్డినేషన్ డిజార్డర్ (వయసుకు తగ్గట్టు కదలికలు పొందికగా కుదరని ఇబ్బంది) ఉన్నవారికి, కో-ఆప్ అనే పద్ధతి వాడతాను. బడి వయసు పిల్లల్లో నూటికి 5, 6 మందికి ఈ ఇబ్బంది ఉంటుందని అంచనా. తరగతికి ఒకరిద్దరు ఉన్నట్టే, కానీ వాళ్లకు "బద్ధకం", "నిర్లక్ష్యం" అని పేర్లు పడుతుంటాయి. ఈ పద్ధతిలో పిల్లే నాలుగు మాటలు నేర్చుకుంటుంది: ఏం చేయాలి, ఎలా చేద్దాం, చేసి చూద్దాం, పనిచేసిందా? జవాబు మన నోట్లో ఉన్నా మింగేసి ప్రశ్న అడగాలి. "బంతి ఎందుకు జారిపోయిందంటావ్?" అని అడిగి నిజంగా ఎదురుచూడాలి. ఆ నిశ్శబ్దాన్ని భరించడమే ఇందులో అన్నిటికంటే కష్టమైన భాగం.

ఇంద్రియ సమన్వయం, అంటే సెన్సరీ ఇంటిగ్రేషన్ గురించి అందరూ అడుగుతారు కాబట్టి నా అభిప్రాయం చెబుతాను. ఎ. జీన్ ఎయిర్స్ స్వయంగా ఆక్యుపేషనల్ థెరపిస్టు; శబ్దం, స్పర్శ, కదలిక పిల్లల ప్రవర్తనను ఎలా మలుస్తాయో మనకు చూపించింది ఆమె. ఆ కంటితో చూడటం ఎంతో అవసరం. చొక్కా మెడ వెనక చీటీ గుచ్చుకునే పిల్ల మొండిది కాదు, ఆ చీటీ కత్తిరించేస్తే ఏడుపు ఆగుతుంది. కానీ ఉయ్యాలలు, బ్రష్‌లు, బరువు చొక్కాలతో నెలల తరబడి నడిచే థెరపీ విషయంలో జాగ్రత్త అవసరం. అమెరికా పిల్లల వైద్యుల అకాడమీ 2012లోనే దీని ఆధారాలు పరిమితమని తల్లిదండ్రులకు చెప్పమంది. ఏదైనా ప్రయత్నించదలిస్తే ఏ పనిలో, ఎన్ని వారాల్లో మార్పు ఆశిస్తున్నారో ముందే రాసుకోండి. ఆ గడువులోగా మార్పు రాకపోతే ఆపేయండి.

7. ఇంటి పని ఇవ్వడం

ఇక్కడ నేను చేసిన తప్పు ఇప్పటికీ గుర్తుంది. ఒక తల్లికి పదకొండు వ్యాయామాలు బొమ్మలు గీసి మరీ ఇచ్చాను. రెండు వారాల తర్వాత వెళ్తే ఆ కాగితం గోడకు నీట్‌గా అంటించి ఉంది. ఎన్ని చేశారని అడిగాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, "ఇవన్నీ చేస్తూ కూర్చుంటే దాన్ని ఒళ్లో కూర్చోబెట్టుకునేది ఎప్పుడండీ?" అంది. ఆ కాగితాన్ని నేనే ఊడదీసి మడిచి సంచిలో పెట్టుకున్నాను.

అప్పట్నుంచి నా పద్ధతి మారింది. ఇంట్లో ఎలాగూ జరిగే పనిని ఒకదాన్ని ఎంచుకుంటాం. దానిలో ఒక్క చిన్న మార్పు. స్నానం తర్వాత తువ్వాలుతో తుడిచేటప్పుడు బలహీనమైన చేయిని పిల్లే పైకెత్తాలి, ఆ ఒక్క చేయి మాత్రం తనే తుడుచుకోవాలి. విడిగా సమయం అక్కర్లేదు. నేను ముందు చేసి చూపిస్తాను, తర్వాత అమ్మ చేస్తుంటే నేను చూస్తాను. ఈ రెండో భాగం వదిలేస్తే మీరు చెప్పింది ఒకటి, ఇంట్లో జరిగేది మరొకటి అవుతుంది. కుటుంబం ఒప్పుకుంటే వాళ్ల ఫోన్‌లోనే అరనిమిషం వీడియో తీయించండి; పగలంతా పిల్లను చూసుకునేది తాతయ్యో పిన్నో అయితే కాగితం కంటే అదే ఎక్కువ ఉపయోగపడుతుంది.

ఎంత చేస్తే చాలు అని అడుగుతారు. నోవాక్ బృందమే 2009లో ఇంటి కార్యక్రమాల మీద ఒక అధ్యయనం ప్రచురించింది. అందులో తల్లిదండ్రులు నెలకు సగటున 17 సార్లకు పైగా, ఒక్కోసారి పదహారు పదిహేడు నిమిషాలు చేశారు. 8 వారాలకే పిల్లల పనితీరులో తేడా కనిపించింది. రోజుకు రెండు గంటలు కూర్చోలేదని ఏ తల్లీ అపరాధ భావంతో కుమిలిపోనక్కర్లేదు. ఈ అంకెలు నేను వాళ్లకు నోటితోనే చెబుతాను, వాళ్ల ముఖాలు తేలికపడటం చూడాలి.

8. బడిలో

మొదటిసారి వెళ్లినప్పుడు తరగతిలో వెనక కూర్చుని ఒక పీరియడ్ మొత్తం చూడండి. ఆ పిల్లాణ్నే కాదు, పక్కనున్న ముగ్గుర్నీ కూడా. వాళ్లు నలభై నిమిషాల్లో ఎన్ని వాక్యాలు రాశారో తెలియకుండా వీడు వెనకబడ్డాడని ఎలా చెప్పగలం?

పిల్లాణ్ని తరగతి నుంచి వేరే గదికి తీసుకెళ్లి పని చేయించడం మనకు సౌకర్యం, పిల్లాడికి నష్టం. పాఠం పోతుంది, స్నేహితుల ముందు చిన్నబోతాడు, వేరే గదిలో నేర్చింది తరగతిలోకి రాదు. తరగతిలోనే అందరికీ పనికొచ్చే మార్పుతో మొదలుపెట్టండి. కుర్చీల ఎత్తు సరిచేయడం, బోర్డు మీద ఉన్నదంతా ఎక్కించే బదులు ముఖ్యమైనది మాత్రమే రాయించడం అందరికీ మేలు చేస్తాయి. దానితో సరిపోని నలుగురైదుగురికి కొంత అదనపు సాయం చేయాలి. అదీ చాలని ఒకరిద్దరికే విడిగా ప్రణాళిక వేయాలి. కెనడాలోని పార్ట్‌నరింగ్ ఫర్ చేంజ్ నమూనా ఇలా మెట్లు మెట్లుగానే నడుస్తుంది.

టీచరుకు సలహా ఇచ్చే ముందు ఒకటి గుర్తుపెట్టుకోండి: ఆవిడ ముందు నలభై మంది ఉండొచ్చు. రోజూ పది నిమిషాలు పట్టే సలహా, సలహా కిందకు రాదు. "మేడమ్, మీకు ఈ పిల్లాడితో రోజులో ఏ అయిదు నిమిషాలు బాగా కష్టంగా ఉంటున్నాయి?" అని అడగండి. అక్కడి నుంచే మొదలుపెట్టండి.

దస్తూరి గురించి రెండు మాటలు. పెన్సిల్‌ను బొటనవేలు, చూపుడువేలు, మధ్యవేలుతో పట్టడం ఒక్కటే సరైన పద్ధతి అనే నమ్మకం గట్టిగా ఉంది. నాలుగు వేళ్లతో పట్టినా, బొటనవేలు పక్కకు వాల్చి పట్టినా వేగంలో, స్పష్టతలో చెప్పుకోదగ్గ తేడా లేదని పరిశోధనల్లో తేలింది. చెయ్యి నొప్పి పెట్టకుండా, రాసింది చదవగలిగేలా ఉంటే పట్టు జోలికి పోకండి. అన్నీ చేసినా పదేళ్ల వయసులో రాత ముందుకు సాగకపోతే టైపింగ్, మౌఖిక పరీక్ష, అదనపు సమయం గురించి ధైర్యంగా మాట్లాడండి. పిల్లకు తెలిసినది బయటికి రావడమే కావాలి.

తరగతి గదితో ఆగకండి. ఆట స్థలం, భోజనం బల్ల, ముఖ్యంగా మరుగుదొడ్డి చూడండి. తలుపు గడియ అందుతుందా, పట్టుకోవడానికి ఏమైనా ఉందా, ఎవరు సాయం చేస్తారు? బడిలో నీళ్లు తాగడం మానేసిన పిల్లల్ని చూశాను. కారణం అడిగితే మరుగుదొడ్డికి వెళ్లాల్సి వస్తుందనే భయం.

9. పరికరాలు

ముందు ఇంట్లో ఉన్నదాంతో ప్రయత్నించండి. కాళ్ల కింద గట్టి అట్టపెట్టెలో పాత పుస్తకాలు కుక్కి పెడితే ఆనిక సరిపోతుందో లేదో తేలిపోతుంది. రెండు వారాలు వాడి చూశాకే కొనే మాట ఎత్తండి. కొన్నది మూల పడితే డబ్బుతో పాటు నమ్మకమూ పోతుంది.

భద్రత విషయంలో మాత్రం రాజీ వద్దు. స్నానపు కుర్చీ కూర్చోవడానికి ఆసరా మాత్రమే, మునిగిపోకుండా కాపాడేది కాదు. పిల్లను దానిలో ఒక్క క్షణం కూడా ఒంటరిగా వదలకూడదని ప్రతి విజిట్‌లో చెప్పండి, చెప్పినట్టు రాయండి. వీల్‌చైర్‌కు ర్యాంపు వేయాలంటే 1:12 వాలు సాధారణ ప్రమాణం, అంటే గడప 15 సెంటీమీటర్ల ఎత్తుంటే ర్యాంపు 180 సెంటీమీటర్ల పొడవుండాలి. కుర్చీ పూర్తిగా తిరగడానికి దాదాపు 150 సెంటీమీటర్ల చోటు కావాలి. పిల్లలు ఎదుగుతారు కాబట్టి కుర్చీలు, పట్టీలు, స్ప్లింట్‌లు కొన్ని నెలలకోసారి మళ్లీ కొలవాలి. చర్మం మీద ఇరవై నిమిషాల తర్వాత కూడా పోని ఎర్రని మచ్చ కనిపిస్తే ఆ పరికరాన్ని వాడటం ఆపి సరిచేయాలి.

10. నోట్స్, జట్టు, ముగింపు

నోట్స్ అదే రోజు రాయండి. ఏం చూశాను, దానివల్ల ఏం అనుకుంటున్నాను, ఏం ఒప్పుకున్నాం, తర్వాత ఎవరు ఏం చేస్తారు: నాలుగు పేరాలు చాలు. తల్లిదండ్రులు చదివితే నొచ్చుకునే మాట ఏదీ అందులో ఉండకూడదు. ఫిజియోథెరపిస్టు, స్పీచ్ థెరపిస్టు, టీచరు వేర్వేరుగా వచ్చి తలా మూడు పనులు చెబితే ఆ ఇంటి మీద తొమ్మిది పనులు పడతాయి. నెలకోసారైనా వాళ్లతో మాట్లాడి, ఈ నెల ఏ ఒక్కటి ముఖ్యమో కలిసి తేల్చుకోండి. మాట్లాడుకోవడానికి ఉమ్మడి భాష ఉంటే సులువు. సెరిబ్రల్ పాల్సీలో కదలికలకు జీఎంఎఫ్‌సీఎస్, చేతుల వాడకానికి మ్యాక్స్ అనే అయిదేసి స్థాయిల వర్గీకరణలు అందుకే ఉన్నాయి.

ఊళ్లు పట్టుకుని ఒంటరిగా తిరిగే ఉద్యోగం ఇది. క్లినిక్‌లో పక్క గదిలో సీనియర్ ఉంటారు, ఇక్కడ ఉండరు. నెలకోసారి ఒక అనుభవజ్ఞురాలితో కూర్చుని మీకు నిద్ర పట్టనివ్వని కేసుల గురించి మాట్లాడే ఏర్పాటు, ఉద్యోగంలో చేరే రోజే అడిగి పెట్టించుకోండి.

కేసు ముగించడం గురించి మొదటి విజిట్‌లోనే చెప్పాలి: "ఈ రెండు లక్ష్యాలు పూర్తయ్యాక కొంతకాలం ఆగుదాం, అవసరమైతే మళ్లీ వస్తాను." చివరి విజిట్‌లో సీఓపీఎం అంకెలు మళ్లీ వేయించండి, పాతవాటి పక్కన పెట్టి చూపించండి. ఇచ్చే ఉత్తరంలో ఏయే సందర్భాల్లో మళ్లీ పిలవాలో స్పష్టంగా రాయండి: పిల్ల ఒక్కసారిగా పొడవు పెరిగినప్పుడు, బడి మారినప్పుడు, ఇల్లు మారినప్పుడు, ఆపరేషన్ జరిగినప్పుడు, వచ్చిన పని ఏదైనా పోయినప్పుడు. కింద ఫోన్ చేయాల్సిన నంబరు పెద్ద అక్షరాల్లో రాసి, ఆ కాగితం ఎక్కడ పెడతారో కుటుంబాన్నే అడిగి, పెట్టాకే బయటికి రండి.